పుస్తకంలో దొరకని ఇంగ్లీషు: రోజువారీ పలుకుబళ్లు నేర్చుకునే పద్ధతి

"గ్రామర్ వచ్చు. మెయిల్ రాయగలను. ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాను. కానీ అవతలివాళ్లు నలుగురు చేరి మామూలుగా మాట్లాడుకుంటుంటే సగం కూడా అందడం లేదు, ఏం చేయాలి?" బెజవాడలో ఆఫీసు పని చేసుకుంటూ రాత్రిళ్లు విదేశీ కాల్స్ మాట్లాడేవాళ్లు, గుంటూరు నుంచి పై చదువులకు వెళ్లబోయే పిల్లలు, కూతురి దగ్గరో కొడుకు దగ్గరో ఆరు నెలలు ఉండి రావడానికి బయల్దేరే అమ్మానాన్నలు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది.

దీనికి మందు జాతీయాల (ఇడియమ్స్) జాబితా కాదు. ఒక మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారు, దానికి ఎదుటివాళ్లు ఏమని బదులిస్తారు అన్నవి కలిపి నేర్చుకుంటేనే ఆ మాట మన నోటికి వస్తుంది. అర్థం ఒక్కటే బట్టీపడితే పరీక్షలో ఖాళీలు పూరించడానికి తప్ప దేనికీ పనికిరాదు. కింద చెప్పే వరసంతా ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది. వరస మార్చకుండా చేయండి.

1. ముందు ఎవరితో మాట్లాడాలో తేల్చుకోండి

భాష ఒకటే అయినా పలుకుబడి దేశానికొకటి. మీ మేనేజరు అమెరికాలో ఉన్నా, మీ అమ్మాయి మెల్‌బోర్న్‌లో చదువుతున్నా, మీరు నర్సు ఉద్యోగానికి బ్రిటన్ వెళుతున్నా నేర్చుకోవాల్సిన మాటలు వేరు. మొదటి మూడు నెలలు ఒక్క దేశాన్నే పట్టుకోండి.

తేడా ఎంత ఉంటుందో చూడండి. మీటింగులో 'లెట్స్ టేబుల్ దిస్' అని బ్రిటన్‌వాళ్లు అంటే ఈ విషయాన్ని చర్చకు తీసుకుందామని. అమెరికావాళ్లు అదే మాట అంటే ప్రస్తుతానికి పక్కన పెడదామని. మీ పని చూసి అమెరికావాళ్లు 'క్వైట్ గుడ్' అంటే చాలా బాగుందని సంతోషించవచ్చు. బ్రిటన్‌వాళ్ల నోట అదే మాటకు చాలాసార్లు 'ఫరవాలేదు' అన్న అర్థమే. బ్రిటన్‌లో 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర. అక్కడ 'యూ ఆల్‌రైట్?' అని పలకరిస్తే మనకు ఒంట్లో బాగోలేదనుకున్నారని కంగారుపడక్కర్లేదు, 'యా, యూ?' అంటే చాలు. 'చీర్స్' అక్కడ థాంక్స్‌కు బదులు వాడే మాట. ఆస్ట్రేలియాలో 'ఆర్వో' అంటే మధ్యాహ్నం, 'బ్రెకీ' అంటే పొద్దుటి టిఫిన్.

మొదలుపెట్టే ముందు కాగితం మీద రాసుకోండి:

- ఏ దేశం మనుషులతో?
- బాసుతోనా, తోటి ఉద్యోగులతోనా, క్లాసులో పిల్లలతోనా, షాపుల్లోనా?
- ఫోనులోనా, ఎదురుగానా, చాటింగులోనా?
- మాట్లాడడం కూడా కావాలా, అర్థమైతే చాలా?

చివరి ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాసుకోండి. మొదటి నెల అందరికీ అర్థం కావడమే లక్ష్యం. మాట్లాడడం దాని వెనకే వస్తుంది.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

ఖర్చు పెద్దగా లేదు. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు, ఇయర్‌ఫోన్లు, ఫోనులో వాయిస్ రికార్డరు ఉంటే సరిపోతుంది.

డిక్షనరీ మాత్రం చూసి ఎంచుకోవాలి. ఇంగ్లీషు నుంచి తెలుగుకు అర్థం ఇచ్చే యాప్‌లు ఈ పనికి చాలవు, అవి మాట స్థాయిని చెప్పవు. కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్, ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో అర్థం పక్కనే 'ఇన్‌ఫార్మల్', 'ఓల్డ్ ఫ్యాషన్డ్', 'అఫెన్సివ్', 'యూకే', 'యూఎస్' లాంటి గుర్తులు ఉంటాయి. అర్థం కంటే ముందు ఆ గుర్తు చదవడం అలవాటు చేసుకోండి. 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అని కనిపిస్తే ఆ మాటను వదిలేయండి. 'అఫెన్సివ్' అని ఉంటే అర్థం తెలుసుకోండి, నోట మాత్రం అనకండి.

వినడానికి బీబీసీ లర్నింగ్ ఇంగ్లీష్‌లో 'ద ఇంగ్లీష్ వుయ్ స్పీక్' అనే చిన్న కార్యక్రమం ఉంది. ఒక్కో భాగంలో ఒక్కో వాడుక మాటను సంభాషణలో పెట్టి వినిపిస్తారు, కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. యూగ్లిష్ అనే వెబ్‌సైటులో ఏ మాట కొట్టినా, యూట్యూబు వీడియోల్లో మనుషులు ఆ మాట అన్న చోట్లను ఒకదాని వెంట ఒకటి చూపిస్తుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా యాసలను విడిగా ఎంచుకోవచ్చు. ఒకే మాటను పదిమంది నోట వినడానికి దానికి మించింది నాకు కనబడలేదు.

పుస్తకం కావాలంటే బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలకు వెళ్లండి. వేయి జాతీయాలు, రెండు వేల జాతీయాలు అని అట్ట మీద వేసిన లావుపాటి పుస్తకాలను మాత్రం కొనకండి. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఎవరూ అనని మాటలు. సంభాషణలు ఎక్కువగా ఉండే, మన కాలంలో జరిగే పిల్లల నవలో డిటెక్టివ్ నవలో చౌకగా దొరుకుతుంది. దాన్ని తెచ్చుకుని కొటేషన్ల మధ్య ఉన్న మాటల కింద మాత్రం పెన్సిలుతో గీతలు గీయండి.

3. ఏది ముందు, ఏది తర్వాత

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అందరూ జాతీయాలతో మొదలుపెడతారు. అవి చివరికి రావాలి.

మొదటి మెట్టు: పలకరింపులు, జవాబులు. 'హౌజ్ ఇట్ గోయింగ్?' అంటే 'ప్రెటీ గుడ్, యూ?' అంటారు. 'వాట్సప్?' అంటే 'నాట్ మచ్' అంటారు. 'థాంక్స్' అంటే 'నో వరీస్', 'నో ప్రాబ్లమ్', 'షూర్' అని వస్తాయి. ఇవి జంటలు, జంటగానే నేర్చుకోండి. 'హౌ ఆర్ యూ?' అన్నవాళ్లు మన ఆరోగ్యం గురించి వివరంగా వినాలని అడగడం లేదు. మన ఊళ్లో ఎదురైన మనిషిని 'ఏం, బజారుకా?' అని అడిగితే ఏం కొనబోతున్నామో జాబితా చదవం కదా, ఇదీ అంతే.

రెండో మెట్టు: వింటున్నామని తెలిపే మాటలు. 'గాట్ ఇట్', 'మేక్స్ సెన్స్', 'ఫెయిర్ ఇనఫ్', 'సౌండ్స్ గుడ్', 'వర్క్స్ ఫర్ మీ', 'నో వే!', 'దట్స్ టూ బ్యాడ్'. మనవాళ్లు ఫోనులో నిశ్శబ్దంగా వింటారు, లేదా ప్రతిదానికీ 'ఓకే ఓకే' అంటారు. అవతలివాళ్లకు మనకు అర్థమైందో, ఒప్పుకున్నామో తేలదు. 'గాట్ ఇట్' అంటే అర్థమైంది. 'ఫెయిర్ ఇనఫ్' అంటే పూర్తిగా నచ్చకపోయినా మీరు చెప్పింది సబబుగానే ఉంది. 'వర్క్స్ ఫర్ మీ' అంటే ఆ టైము, ఆ ఏర్పాటు నాకు సరిపోతుంది. 'నో వే!' అంటే 'నిజమా, నమ్మలేను!' అని, 'దట్స్ టూ బ్యాడ్' అంటే 'అయ్యో పాపం' అని. ఈ గుప్పెడు మాటలు వచ్చేసరికి మీతో మాట్లాడేవాళ్ల తీరే మారుతుంది.

మూడో మెట్టు: రెండు ముక్కల క్రియలు. అసలు కష్టం, అసలు లాభం ఇక్కడ ఉన్నాయి. 'పోస్ట్‌పోన్' అని మనం చదువుకున్న చోట వాళ్లు 'పుట్ ఆఫ్' అంటారు. 'క్యాన్సిల్'కు 'కాల్ ఆఫ్', 'ఇన్వెస్టిగేట్'కు 'లుక్ ఇంటు', 'డిస్కవర్'కు 'ఫైండ్ అవుట్', అనుకోకుండా ఎదురవడానికి 'రన్ ఇంటు', అయిపోవడానికి 'రన్ అవుట్ ఆఫ్', ఆలోచన తట్టడానికి 'కమ్ అప్ విత్', కిటుకు పట్టడానికి 'ఫిగర్ అవుట్'. మామూలు సంభాషణలో ఇవి అడుగడుగునా వస్తాయి.

వీటిలో ఒక నియమం గట్టిగా పట్టుకోండి. 'ఇట్', 'దెమ్', 'హిమ్' లాంటి చిన్న మాట వస్తే కొన్ని క్రియలు విడిపోయి దాన్ని నడుమ పెట్టుకుంటాయి. 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి, 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు. 'ఫిగర్ ఇట్ అవుట్' అంటాం. 'లుక్ ఆఫ్టర్', 'రన్ ఇంటు' లాంటివి విడిపోవు, 'ఐ రాన్ ఇంటు హిమ్' అనే అనాలి. ఏది విడిపోతుందో ఊహించకండి. నోటుబుక్కులో క్రియను ఎప్పుడూ 'ఇట్'తో కలిపే రాసుకోండి, ఆ రూపమే నోటికి ఎక్కుతుంది.

నాలుగో మెట్టు: జాతీయాలు. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండడం, 'ఆన్ ద సేమ్ పేజ్' అంటే ఒకే అవగాహనతో ఉండడం, 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు అంకె, 'కాల్ ఇట్ ఎ డే' అంటే ఈ పూటకు పని ముగించడం. ఇలాంటి వాడుకలో ఉన్నవే నేర్చుకోండి. వానను చూసి కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయనే మాట మన ప్రతి కోచింగ్ పుస్తకంలోనూ ఉంది. ఇప్పటివాళ్లు మామూలుగా 'ఇట్స్ పోరింగ్' అంటారు.

ఐదో మెట్టు: కుర్రకారు స్లాంగ్. ఇది వినడానికే. ఏటేటా మారిపోతుంది, వయసును బట్టి, జట్టును బట్టి మారుతుంది. అర్థమైతే చాలు.

4. ఒక్కో మాటకు ఐదు గడులు

రోజుకు మూడు మాటలు చాలు. ఇరవై రాసుకున్నవాళ్లు వారం తిరిగేసరికి నోటుబుక్కు మూసేస్తున్నారు. ఒక్కో మాటను ఇలా రాయండి:

- మాట: కీప్ మీ పోస్టెడ్.
- అది చేసే పని: జరుగుతున్నది ఎప్పటికప్పుడు చెబుతుండమని అడగడం.
- ఎవరు ఎవరితో: తోటి ఉద్యోగులు, స్నేహితులు, మేనేజరు తన టీముతో. క్లయింటుతో మనం 'ఐల్ కీప్ యూ పోస్టెడ్' అనవచ్చు.
- వచ్చే జవాబు: 'విల్ డూ', 'షూర్ థింగ్'.
- నా వాక్యం: 'ద సర్వర్ ఈజ్ డౌన్ అగైన్. ఐల్ కీప్ యూ పోస్టెడ్.'

రెండో గడిలో తెలుగు మాటకు మాట రాయకండి, ఆ మాట చేసే పని రాయండి. ఐదో గడిలో మీ బతుకులో నిజంగా జరిగినదే రాయండి. గుంటూరు మిర్చి యార్డులో కొట్టు ఉన్నాయన ఎగుమతి వ్యాపారితో మాట్లాడడానికి నేర్చుకుంటుంటే, ఆయన వాక్యంలో లారీ, సరుకు, రేటు ఉండాలి. డిక్షనరీలోని జాన్, మేరీల వాక్యం ఆయనకు గుర్తుండదు.

మూడు, నాలుగు గడులు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ మాటలు చూడండి. ప్రతి మాటలోనూ విడి పదాలు మనకు తెలిసినవే, మొత్తం అర్థమే వేరు.

'టెల్ మీ అబౌట్ ఇట్': 'ఈ ట్రాఫిక్‌తో చచ్చిపోతున్నా' అన్న మనిషితో ఇలా అంటే 'నాకు చెప్పాలా, నా పరిస్థితీ అదే' అని. వివరంగా చెప్పమని కాదు.

'ఐయామ్ గుడ్': 'ఇంకొంచెం కాఫీ?' అని అడిగినప్పుడు ఇలా అంటే వద్దని అర్థం. మీరు ఇస్తున్నప్పుడు అవతలివాళ్లు ఇలా అంటే బలవంతపెట్టకండి. మనం మొహమాటానికి మూడుసార్లు వద్దని నాలుగోసారి పుచ్చుకుంటాం. అక్కడ మొదటి మాటే ఆఖరి మాట. మీరూ నిజంగా కావాలనుకుంటే మొదటిసారే 'యెస్ ప్లీజ్' అనండి.

'ఐయామ్ డౌన్': సినిమాకు వస్తావా అన్నప్పుడు అంటే సరే వస్తానని. 'ఐయామ్ ఫీలింగ్ డౌన్' అంటే దిగులుగా ఉందని.

'ఐల్ లెట్ యూ గో': ఫోను పెట్టేద్దామని మర్యాదగా చెప్పడం. 'ఓకే, టాక్ సూన్' అని ముగించండి.

'సీ యూ లేటర్': మళ్లీ కలుస్తామన్న వాగ్దానం ఏమీ లేదు. మనం 'వెళ్లొస్తాను' అన్నట్టే.

'వుయ్ షుడ్ క్యాచ్ అప్ సమ్‌టైమ్': తేదీ చెప్పనంతవరకు ఇది పిలుపు కాదు, అభిమానం తెలిపే మాట. నిజంగా కలవాలనుకుంటే మీరే 'హౌ అబౌట్ శాటర్డే?' అని అడగండి.

5. చెవికి పట్టించడం

చదివితే వచ్చిన మాట వింటే ఎందుకు అందదు? మనం తెలుగులో ప్రతి అక్షరాన్నీ స్పష్టంగా పలుకుతాం. మామూలుగా మాట్లాడే ఇంగ్లీషులో బరువున్న మాటలే గట్టిగా వినిపిస్తాయి, తక్కినవి నలిగిపోతాయి. 'గోయింగ్ టు' కాస్తా 'గొన్నా' అవుతుంది, 'వాంట్ టు' 'వానా' అవుతుంది, 'డిడ్ యూ' 'డిజ', 'కుడ్ హావ్' 'కుడవ్'. అమెరికా నోట రెండు అచ్చుల నడుమ ఉన్న 'ట' దాదాపు 'డ'లా వినిపిస్తుంది. 'గెట్ అవుట్ ఆఫ్ ఇట్' మన చెవికి 'గెడవుడవిట్' అని ఒకే మాటలా పడుతుంది.

సాధన ఇలా చేయండి:

1. సంభాషణ ఉన్న ఆడియోలో ముప్పై సెకన్ల ముక్క ఒక్కటే తీసుకోండి.
2. సబ్‌టైటిల్స్ లేకుండా మూడుసార్లు వినండి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలోనే రాయండి, తప్పులు లెక్కచేయకండి.
3. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి పోల్చండి. మీరు రాసిన దానికీ అక్కడున్న దానికీ తేడా వచ్చిన చోట సున్నా చుట్టండి.
4. సున్నా చుట్టిన చోటు మాత్రం పదిసార్లు వినండి.
5. ఆడియోతో పాటే, అదే వేగంతో, అదే లయతో పైకి చదవండి.

తెలుగు సబ్‌టైటిల్స్ వద్దు. అవి పెట్టుకుంటే చెవి పని మానేస్తుంది.

గుంటూరు, విజయవాడల మధ్య రోజూ తిరిగేవాళ్లకు బస్సులో గంట సమయం చేతిలో ఉంది. ఈ సాధనలో మొదటి నాలుగు పనులకు అది చాలు. ఐదోది ఇంటికి వచ్చాక చేయండి, గొంతెత్తి పలకాలి కాబట్టి.

మనం 'గొన్నా', 'వానా' అని పలకాలా? అక్కర్లేదు. వాటిని గుర్తుపట్టాలి, అంతే. మెయిల్లో మాత్రం ఎప్పుడూ రాయకండి.

6. నోటికి ఎక్కించడం

రాసుకున్న మాటను అదే రాత్రి ఒకసారి, మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు తిరగేయండి. ఫోనులో చేయాలనుకుంటే ఆంకీ అనే యాప్ ఈ లెక్కను తనే చూసుకుంటుంది. కార్డు మీద ఒకవైపు సందర్భాన్ని తెలుగులో రాయండి: 'మీటింగుకు ఆలస్యమవుతోంది, దారిలో ఉన్నాను, మేనేజరుకు చెప్పాలి.' రెండోవైపు: 'ఐయామ్ రన్నింగ్ ఎ బిట్ లేట్. ఐల్ బీ దేర్ ఇన్ టెన్.' ఇంగ్లీషు మాట చూసి తెలుగు అర్థం చెప్పడం తేలిక, దానివల్ల మాట్లాడడం రాదు. సందర్భం చూసి ఇంగ్లీషు మాట రావాలి.

ఒక తోడును చూసుకోండి. బ్రాడీపేట కోచింగ్ సెంటర్లోనో, ఆఫీసులోనో ఇదే అవసరం ఉన్నవాళ్లు ఒకరు దొరక్కపోరు. రోజూ ఒకరికొకరు వాట్సాప్‌లో అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపుకోండి. అందులో ఆ రోజు నేర్చిన మూడు మాటల్లో ఒక్కటే, సహజంగా, రావాలి. మూడూ ఇరికిస్తే నాటకంలో డైలాగులా ఉంటుంది.

అసలు మనుషులతో మొదటిసారి వాడే చోటు కూడా ఎంచుకోండి. ముందు చాటింగు, తర్వాత తోటి ఉద్యోగితో ఫోను, ఆ తర్వాతే మీటింగు. చాటింగులో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది.

అమెరికా కాల్స్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. కాల్ అవగానే భోజనానికి లేవకుండా ఐదు నిమిషాలు కూర్చుని, విన్న కొత్త మాటలు రెండు రాసుకోండి. ఏ పుస్తకమూ ఇవ్వని జాబితా అలా తయారవుతుంది, ఎందుకంటే అవి మీతో మాట్లాడే మనిషి నిజంగా అనే మాటలు.

7. మన ఇంగ్లీషును ఎక్కడ ఆపాలి

మనం ఇక్కడ మాట్లాడే ఇంగ్లీషు తప్పేమీ కాదు. బెసెంట్ రోడ్డులోనూ, మన ఆఫీసుల్లోనూ అందరికీ అర్థమవుతుంది, దాన్ని మానుకోనక్కర్లేదు. అయితే కొన్ని మాటలు దేశం దాటితే అర్థం మారతాయి, కొన్ని అసలు అర్థం కావు. వాటిని మాత్రం తెలిసి మార్చుకోవాలి.

- 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే అక్కడ అనుమానం, అపనమ్మకం. సందేహం అడగాలంటే 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్'.
- 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే స్పృహ తప్పిందని. 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022' అనండి.
- 'ప్రీపోన్' చాలామందికి తెలియదు. 'కెన్ వుయ్ మూవ్ ఇట్ అప్?' అని అమెరికాలో, 'బ్రింగ్ ఇట్ ఫార్వర్డ్' అని బ్రిటన్‌లో అంటారు.
- 'అవుట్ ఆఫ్ స్టేషన్' బదులు 'అవుట్ ఆఫ్ టౌన్'.
- 'డూ ద నీడ్‌ఫుల్' బదులు ఏం చేయాలో విడమరచి చెప్పండి: 'కుడ్ యూ అప్రూవ్ దిస్ బై ఫ్రైడే?'
- 'ఐల్ రివర్ట్' బదులు 'ఐల్ గెట్ బ్యాక్ టు యూ'.
- 'టుడే మార్నింగ్' బదులు 'దిస్ మార్నింగ్'.
- 'మైసెల్ఫ్ సురేష్' బదులు 'ఐయామ్ సురేష్'.

ఒక ముఖ్యమైన చిక్కు 'రాలేదా?', 'చేయలేదా?' అన్నట్టు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడంలో ఉంది. 'డిడ్ంట్ యూ గెట్ మై మెయిల్?' అని అడుగుతారు. మెయిల్ రాలేదు. తెలుగులో 'అవునండీ, రాలేదు' అంటాం కాబట్టి మన నోట 'యెస్' అని వస్తుంది. వాళ్లు మెయిల్ అందిందనుకుంటారు. ఇంగ్లీషులో జవాబు ప్రశ్నను బట్టి ఉండదు, జరిగినదాన్ని బట్టి ఉంటుంది. రాకపోతే 'నో, ఐ డిడ్ంట్'. ఎప్పుడూ ఒంటి మాటతో ఆపకుండా వాక్యం పూర్తిచేయండి, సగం గొడవ తీరుతుంది.

'వుడ్ యూ మైండ్ సెండింగ్ ఇట్ అగైన్?' కూడా ఇలాంటిదే. అభ్యంతరమా అని అడుగుతున్నారు. పంపడానికి సిద్ధమైతే 'నాట్ ఎట్ ఆల్' లేదా 'షూర్, నో ప్రాబ్లమ్' అనాలి.

ఇంగ్లీషులో 'గారు' లేదు. ఆ లోటు తీర్చడానికి మనం ప్రతి వాక్యం చివరా 'సర్' చేరుస్తాం. వాళ్ల మర్యాద వాక్యం తీరులో ఉంటుంది: 'కుడ్ యూ', 'వుడ్ యూ మైండ్', 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్'. పేరు పెట్టి పిలవమని వాళ్లే చెబితే మొహమాటం లేకుండా పేరుతోనే పిలవండి, అది అమర్యాద కాదు.

8. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

తెలుగు పలుకుబడిని దించేయడం. 'నా బుర్ర తినకు' అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి 'డోంట్ ఈట్ మై హెడ్' అంటే మనవాళ్లే నవ్వాలి. ముందు ఆ మాట చేసే పని ఏమిటో చూడండి. విసిగించవద్దనడమే కదా, 'గివ్ మీ ఎ బ్రేక్' సరిపోతుంది.

మాట రూపం మార్చడం. చాలా తేలిక అనడానికి వాడే 'ఇట్స్ ఎ పీస్ ఆఫ్ కేక్'లో 'ఎ' తీసేసినా, గుట్టు బయటపెట్టడమనే 'స్పిల్ ద బీన్స్'లో గింజను ఒక్కటి చేసినా చెడుతుంది. జాతీయం దొరికినట్టే వాడాలి. కాలం మాత్రం మారుతుంది: 'హీ స్పిల్డ్ ద బీన్స్'.

చోటు చూడకపోవడం. 'కిక్డ్ ద బకెట్' అన్నదానికి చనిపోవడమని అర్థం రాసి వదిలేస్తారు పుస్తకాల్లో. అది హాస్యానికి అనే మాట. పరామర్శలో వాడితే జన్మలో మరచిపోరు. మరణం దగ్గర 'పాస్డ్ అవే', 'ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్' తప్ప ఇంకేమీ వద్దు. అలాగే 'మై బ్యాడ్' అంటే 'నాదే తప్పు' అని తేలిగ్గా అనడం, మన వల్ల పెద్ద నష్టం జరిగినప్పుడు అలా అంటే లెక్కలేనట్టు ఉంటుంది. కాఫీ ఒలికితే 'మై బ్యాడ్', క్లయింటు డేటా పోతే 'ఐ అపాలజైజ్, దిస్ వాజ్ మై మిస్టేక్'.

సిరీస్‌లు చూసి బూతులు పట్టుకోవడం. తెరమీద ప్రతివాళ్లూ అంటున్నారని మామూలు మాటలనుకుంటారు. అన్యభాషలో బూతు ఎంత ఘాటుగా ఉందో మన మనసుకు తెలియదు, వినేవాళ్లకు తెలుస్తుంది. డిక్షనరీ గుర్తు చూడకుండా ఒక్కటీ వాడకండి.

అతిగా వాడడం. ఒకే వాక్యంలో రెండు జాతీయాలు వద్దు. ఐదు నిమిషాల మాటలో ఒక్కటి వచ్చినా చాలు, రాకపోయినా నష్టం లేదు.

9. అర్థం కానప్పుడు

తల ఊపి ఊరుకోవడం అన్నింటికంటే పెద్ద నష్టం. అడగడానికి ఈ వాక్యాలు ముందే నోటికి రావాలి:

- 'సారీ, ఐ డిడ్ంట్ క్యాచ్ దట్.' వినిపించనప్పుడు.
- 'వాట్ డూ యూ మీన్ బై దట్?' నెమ్మదైన గొంతుతో. గొంతు పెరిగితే తగవులా ఉంటుంది.
- 'ఐ హావెంట్ హర్డ్ దట్ వన్ బిఫోర్.' నవ్వుతూ అంటే వాళ్లే విడమరచి చెబుతారు.
- 'సో, యూ మీన్ వుయ్ షుడ్ వెయిట్ టిల్ మండే?' మీకు అర్థమైనది తిరిగి చెప్పి సరిచూసుకోవడం. పనికి సంబంధించిన ఏ విషయంలోనూ దీన్ని వదలకండి.

10. పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలకు

మీకు పై మెట్లన్నీ అక్కర్లేదు. అమెరికా అయితే ముఖ్యంగా షాపులో, హోటల్లో, వీధిలో వినిపించేవి కొన్ని చాలు. పిల్లలతో వీడియో కాల్‌లో రెండు వారాలు నాటకంలా ఆడి చూడండి, వాళ్లు షాపువాళ్లు, మీరు కొనేవాళ్లు.

- 'ఫర్ హియర్ ఆర్ టు గో?' ఇక్కడే తింటారా, పట్టుకెళతారా. ఒక్క మాటతో బదులివ్వండి: 'టు గో, ప్లీజ్.'
- 'డిడ్ యూ ఫైండ్ ఎవ్రీథింగ్ ఓకే?' బిల్లు దగ్గర అడుగుతారు. 'యెస్, థాంక్యూ.'
- 'ఆర్ యూ ఆల్ సెట్?' ఇంకేమైనా కావాలా, అయిపోయిందా. 'యెస్, ఆల్ సెట్.'
- 'హ్యావ్ ఎ గుడ్ వన్!' ఈ రోజు బాగా గడవాలని. 'యూ టూ!'
- వీధిలో ముఖం తెలియనివాళ్లు నవ్వి 'హౌ యూ డూయింగ్?' అంటే 'గుడ్, థాంక్యూ' అని నడిచిపోవచ్చు. ఆగి మాట్లాడాల్సిన పని లేదు.

11. నెలాఖరు పరీక్ష

మొదటి వారం విన్న ముప్పై సెకన్ల ఆడియోలను మళ్లీ సబ్‌టైటిల్స్ లేకుండా పెట్టండి. తర్వాత ఇవి చూసుకోండి:

- సందర్భం చదవగానే మూడు సెకన్లలో మాట వస్తోందా?
- ఒక్కో మాటకు వచ్చే జవాబు కూడా తెలుసా?
- ఈ నెలలో నిజమైన మనిషితో ఎన్ని మాటలు వాడారు? ఐదు వాడినా మంచి నెలే.
- 'వాట్ డూ యూ మీన్ బై దట్?' అని ఒక్కసారైనా అడిగారా?
- 'యెస్', 'నో'ల దగ్గర వాక్యం పూర్తిచేస్తున్నారా?

తడబడిన మాటలను కొట్టేయకండి, వాటిని వచ్చే నెల మొదటి పేజీలోకి ఎక్కించండి. మూడు నెలలపాటు ఎక్కడా వినిపించని మాట ఉంటే మాత్రం దాన్ని నోటుబుక్కులోంచి తీసేసి, ఆ చోటు కాల్‌లో నిన్న విన్నదానికి ఇవ్వండి.